మూడోసారి అడగని క్షమాపణ

మా పక్కింటి పెద్దావిడ నన్ను అడిగిన మొదటి సాయం, తనను ఒకాయన ఇంటికి కార్లో తీసుకెళ్ళమని. ఎందుకని అడిగాను. "క్షమించమని అడగాలి," అంది, కూరలు కొనుక్కురావాలి అన్నంత మామూలుగా.

అది సెప్టెంబరు. ఆ ఏడు ఎండాకాలమంతా ఉత్తరాన అడవులు తగలబడి, ఆ పొగ కెనడాలో మేమున్న విన్నిపెగ్ మీద పలచగా పరుచుకుని కదలనంది. మధ్యాహ్నం కూడా సాయంత్రంలాగే ఉండేది. సూర్యుడి వంక కళ్ళు చిట్లించకుండా చూడగలిగేవాళ్ళం. వీధికి రెండువైపులా ఉన్న ఎల్మ్ చెట్ల ఆకులు రాలేటప్పుడు చప్పుడు చేసేవి కావు. ఇప్పుడు తలుచుకుంటే ఆ రోజులన్నీ నీళ్ళ అడుగునుంచి చూసినట్టు కనబడతాయి. మాటలు మాత్రం స్పష్టంగా గుర్తున్నాయి.

మేము ఆ వీధిలో అద్దెకు దిగి అప్పటికి రెండేళ్ళు దాటింది. మాది రేపల్లె, మా ఆయనది వరంగల్. ఇద్దరం సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలే. నేను చాలావరకు ఇంటినుంచే పని చేసేదాన్ని. మా అమ్మాయి నాలుగో క్లాసు. పక్కింటావిడకు ఎనభై దాటాయి. భర్త పోయాడు, కొడుకు వాంకూవర్లో ఉంటాడు. ఆవిడ యూదురాలని మాకు మొదటి డిసెంబరులోనే తెలిసింది. వీధంతా క్రిస్మస్ దీపాలు వెలిగితే ఆవిడ కిటికీలో మాత్రం కొవ్వొత్తుల వరస ఉండేది. మా అమ్మాయి అందరిలాగే ఆవిడను పేరు పెట్టి పిలిచేది. నాకు నోరు రాక, పిలవకుండానే మాట మొదలుపెట్టడం నేర్చుకున్నాను.

ఆ వేసవిలో కళ్ళ డాక్టరు ఇక కారు నడపొద్దన్నాడు ఆవిడను. అందుకే నా దగ్గరికి వచ్చింది. చేతిలో తేనె వేసి చేసిన కేకు, అరిటాకు రంగు ప్లేటులో.

"మాకు కొత్త సంవత్సరం వచ్చింది. ఇవాళ్టినుంచి ఉపవాసం రోజు వరకు పది రోజులు. దేవుడికి చేసిన తప్పులుంటే ఆ రోజు దేవుడితో చెప్పుకోవచ్చు. మనుషులకు చేసినవి మాత్రం ఈలోపల ఆ మనుషుల దగ్గరికే వెళ్ళి అడగాలి. దేవుడు వాటి జోలికి రాడు," అంది.

మా నాయనమ్మ గుర్తొచ్చింది నాకు. పూజ చివర తెలిసీ తెలియక చేసిన తప్పులన్నీ కాయమని దణ్ణం పెట్టి, లెంపలు వేసుకుని, లేచి వంటింట్లోకి వెళ్ళిపోయేది. అక్కడికి ఆ రోజు లెక్క సరి. మనుషుల దగ్గరికి వెళ్ళడమనే మాటే ఉండేది కాదు.

కార్లో చెప్పింది ఆవిడ తన కథ. ఒకప్పుడు, జుట్టు ఇంకా నల్లగా ఉన్న రోజుల్లో, స్కూల్ బోర్డుకు ఎన్నికైంది. ఒక ఏడు ప్రభుత్వం నుంచి రావలసిన డబ్బులో కోత పడింది. ఏదో ఒక స్కూల్లో సంగీతం క్లాసు ఎత్తేయాలి. మా వైపు స్కూలు, అంటే మేం ఆ వీధిలో ఉన్నప్పుడు మా అమ్మాయి చదివిన స్కూలు, ఒకటి. రైలు పట్టాలకు అవతల ఉన్న స్కూలు ఇంకొకటి.

"మీటింగు రోజు మనవైపు తల్లిదండ్రులు హాలు నిండా వచ్చారు. పిల్లల చేత వయొలిన్లు మోయించుకుని మరీ వచ్చారు. అటువైపునుంచి ఎవరూ రాలేదు. సాయంత్రం షిఫ్టుల్లో ఉండేవాళ్ళు ఎలా వస్తారు? వాళ్ళు రాలేదు కాబట్టి వాళ్ళకి అంత పట్టింపు లేదని మేం అనుకున్నాం. అనుకోవడం మాకు వీలుగా ఉండింది. అవతలి స్కూల్లో ఎత్తేద్దామన్నవాళ్ళు చెయ్యెత్తండి అన్నారు. ఎత్తాను."

కుడిచెయ్యి కాస్త పైకెత్తి చూపించింది. కారు పైకప్పుకు తగిలింది. దించేసింది.

"ఇన్నేళ్ళూ ఎందుకు వెళ్ళలేదు మీరు?" అన్నాను.

"ప్రతి ఏడూ వెళ్ళేదాన్ని, వేరేవాళ్ళ దగ్గరికి. మా చెల్లెలు, మా కోడలు, బ్యాంకులో ఒకమ్మాయి. ఇది తప్పుల్లో చేరుతుందని అనుకోలేదు. ఇది పాలసీ కదా. ఈ వేసవిలో కారు మానేసి బస్సెక్కితే, క్లినిక్కు వెళ్ళే బస్సు ఆ స్కూలు ముందే ఆగుతోంది. అక్కడ డ్రైవరు మారతాడు, చాలాసేపు ఆగుతుంది. కిటికీలోంచి పిల్లల్ని చూస్తూ కూర్చోవాలి. ఎన్నాళ్ళని చూడకుండా ఉంటాను?"

మేం వెళ్ళింది ఆ స్కూల్లో సంగీతం చెప్పిన మాస్టారి ఇంటికి. తాతల నాడు యుక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబం ఆయనది. రిటైరై చాలా కాలమైంది. మేం వెళ్ళేసరికి పెరట్లో టమాటా మొక్కలు పీకుతున్నారు. మంచు పడేలోపల కాయలు దించేసి పేపర్లో చుట్టి పెట్టుకుంటారు ఇక్కడ. ఆవిడ తను ఎవరో చెప్పింది. ఏం చేసిందో చెప్పింది. సాకులేమీ కలపలేదు. షిఫ్టుల సంగతి గానీ కోతల సంగతి గానీ ఎత్తలేదు. "నేను చెయ్యెత్తాను. నన్ను క్షమించండి," అంది.

ఆయన చేతులకంటిన మట్టి దులుపుకున్నారు. "నాకేమీ కాలేదమ్మా. ఇంకో స్కూల్లో వేశారు, జీతం తగ్గలేదు. అక్కడ పియానో ఇంకా బాగుండేది. నా తరఫున మీరు బాధపడక్కర్లేదు."

"అయితే క్షమించినట్టేనా?"

"లేదు," అన్నారు ఆయన, కోపం లేకుండా. "జూన్‌లో చెప్పారు మాకు, క్లాసు ఎత్తేస్తున్నామని. అప్పటికి పిల్లలు, రెండు జట్లుగా రెండు వరసల్లో ఒకేసారి పాడే రెండు గొంతుల పాట ఒకటి మొదలుపెట్టారు. ఒక గొంతే నేర్పాను. సెలవుల తర్వాత రెండోది నేర్పుతానన్నాను. పోయింది వాళ్ళది. వాళ్ళ తరఫున నేనెలా క్షమిస్తాను?"

 వచ్చేటప్పుడు నా చేతికి ఒక సంచీడు పచ్చి టమాటాలు ఇచ్చారు. ఇంటికొచ్చి వాటితో పచ్చిమిరపకాయలు వేసి రోటిపచ్చడి చేశాను. రోలు లేదు గనక మిక్సీలోనే.

రెండు రోజుల తర్వాత ఆవిడ నన్నూ మా అమ్మాయినీ నది ఒడ్డుకు పిలిచింది. వాళ్ళవాళ్ళు చాలామంది వచ్చారు. పారే నీళ్ళలో రొట్టెముక్కలు వేస్తారు, తమ తప్పులు వేసినట్టు. బాతులు తిని జబ్బుపడుతున్నాయని ఇప్పుడు గింజలూ చిన్నరాళ్ళూ వేస్తున్నారు. పొగమీద పడ్డ సాయంత్రపు వెలుతురులో నది గోధుమరంగులో మెల్లగా పోతోంది. అవతలి ఒడ్డు ఉందో లేదో తెలియడం లేదు. ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. పుష్కరాలకు కృష్ణలో మునిగినప్పటి జనం, కేకలు, తడిబట్టలు గుర్తొచ్చి, ఇంత నిశ్శబ్దంగా కూడా నదికి చెప్పుకోవచ్చా అనుకున్నాను.

మా అమ్మాయి ఒక రాయి విసిరి, "డజ్ ఇట్ వర్క్?" అంది ఆవిడతో.

"కొన్నిటికి," అంది ఆవిడ. "బరువైనవి నది తీసుకోదు."

మర్నాడు రెండోసారి వెళ్ళాం మాస్టారి దగ్గరికి. నేను పచ్చడి సీసా పట్టుకెళ్ళాను, కాయలిచ్చినందుకు. ఆయన బ్రెడ్డుకు రాసుకుని తిని, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, ఇంకాస్త రాసుకున్నారు. టీ ఇచ్చారు. ఆవిడ మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ కాదన్నారు. ఈసారి మాట కాస్త మెత్తగా ఉంది. అంతే తేడా. ఇద్దరూ కిటికీలోంచి పెరటి వంక చూస్తూ చాలాసేపు కూర్చున్నారు. నేను మధ్యలో కూర్చుని, ఆ సంగతి చెప్పుకోడానికి వీళ్ళిద్దరికీ ఇంకెవరూ లేనట్టుందే అనుకున్నాను.

ఉపవాసం రోజున ఆవిడను వాళ్ళ ప్రార్థనా మందిరానికి నేనే తీసుకెళ్ళాను. ఆ రోజు కారెక్కకూడదని వాళ్ళ నియమం. "నా తుంటికి ఆ నియమం తెలియదు," అంది. తెల్లని స్వెటరు, తెల్లని స్కర్టు వేసుకుని, కాళ్ళకు మాత్రం టెన్నిస్ ఆడేవాళ్ళ గుడ్డబూట్లు తొడుక్కుంది. ఆ రోజు తోలుచెప్పులు వేసుకోరట. పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టరు. పళ్ళు తిని, పాలు తాగి ఏకాదశి ఉపవాసమున్నామనుకునే మాకు అది చాలా కఠినంగా అనిపించింది.

లోపలికి రమ్మంటే వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. తెల్లబట్టల మనుషులు నిలబడి, ఒక్కో మాటకూ గుండెమీద పిడికిలితో మెల్లగా తట్టుకుంటున్నారు. వందలమంది ఒక్కసారి తట్టుకుంటుంటే దూరాన ఎవరో నడిచివస్తున్నట్టు వినిపించింది. పుస్తకంలో ఒక పేజీలో హీబ్రూ, ఎదుటి పేజీలో ఇంగ్లీషు ఉన్నాయి. వాళ్ళు ఒప్పుకునే తప్పులన్నీ అక్షరమాల వరసలో ఉంటాయట, మొదటి అక్షరం నుంచి చివరిదాకా. దొంగతనం చేశాం, అబద్ధమాడాం, మనసు రాయి చేసుకున్నాం. ప్రతిచోటా 'మేము' అనే ఉంది, 'నేను' అని ఒక్కచోటా లేదు. కళ్ళు మూసుకుంటే ఆ గొణుగుడు మీద తేలుతున్నట్టుండేది. కాసేపు నిద్రపోయానేమో కూడా.

మధ్యాహ్నం విరామంలో బయట బల్లమీద కూర్చున్నాం. ఆవిడ పెదాలు ఎండిపోయి ఉన్నాయి. నాకు దాహంగా ఉన్నా నీళ్ళ సీసా బయటికి తీయలేదు.

"మా భాషలో ఇంగ్లీషు 'వీ'కి రెండు మాటలున్నాయి," అన్నాను. "'మేము' అంటే ఎదుట వింటున్నవాళ్ళు అందులో లేనట్టు. 'మనం' అంటే వాళ్ళూ ఉన్నట్టు. మీ పుస్తకంలో ఉన్నది ఏది?"

ఆవిడ ఆలోచించింది. "మా హీబ్రూలో ఒక్కటే ఉంది. కానీ నువ్వు చెప్పిన రెండోదే అయ్యుండాలి. ఆ గదిలో దొంగతనం చేసినవాడు ఒక్కడే ఉండొచ్చు. అయినా అందరం చెప్తాం, వాడు ఒంటరిగా చెప్పుకోవలసి రాకుండా. పైగా వాడు దొంగతనం చేసేదాకా మేమేం చేస్తున్నాం?"

"అయితే ఒక చిక్కుంది. మీరు చెప్పేది దేవుడితో. మనం అంటే వినేవాడు కూడా తప్పు చేసినవాళ్ళలో చేరిపోతాడు."

ఆవిడ నవ్వింది. నవ్వితే పెదవి చిట్లి, వేలితో అద్దుకుంది. "ఆ స్కూలు సంగతి చూస్తే దేవుడికీ కొంత భాగం ఉండే ఉంటుంది."

పొద్దు గుంకాక, ఉపవాసం ముగిసిందని పొట్టేలు కొమ్ము ఊదారు, ఊపిరి చాలినంతసేపు, ఒకటే స్వరం. బయటికొచ్చాక కార్లో కమలాపండు ఒలిచిపెట్టాను. తిని, సీటు వెనక్కి వాల్చుకుంది.

"రేపు మాస్టారి దగ్గరికి మళ్ళీ వెళ్దామా? మూడోసారి?" అన్నాను.

"వద్దు. మూడుసార్లు మనస్ఫూర్తిగా అడిగి, మూడుసార్లూ ఆయన కాదంటే, మా పద్ధతి ప్రకారం నా బాధ్యత తీరిపోతుంది. ఇక అడగక్కర్లేదు. ఆయన సంగతి ఆయనది." కళ్ళు మూసుకుంది. "తీరిపోవడం నాకిష్టం లేదు. ఆయన చెప్పింది నిజం. ఆ పిల్లల దగ్గరికి వెళ్ళాలి."

ఆ పిల్లలు ఇప్పుడు ఎక్కడెక్కడో నడివయసు మనుషులై ఉంటారు. అయినా స్కూలు అక్కడే ఉంది. ఆ మరుసటి వారం ఫోన్ చేసి వెళ్ళాం. ప్రిన్సిపాల్ వయసులో నాకంటే కాస్త పెద్దది. బాగా అలసిపోయి ఉన్నా మర్యాదగా కూర్చోబెట్టింది. పాత సంగీతం గది చూపించమంటే చూపించింది. సగం గదిలో విరిగిన బల్లలు పేర్చారు. మిగతా సగంలో వారానికోసారి వచ్చే డాక్టరు కూర్చుంటాడట. గోడకున్న ఆకుపచ్చ బోర్డుమీద, సంగీతం రాసుకునేందుకు గీసిన అయిదేసి గీతలు ఇంకా ఉన్నాయి, తెల్లరంగులో, చెరగకుండా. వాటిమీదే ఎవరో కూడికలు వేశారు. ఆవిడ ఆ గీతలమీద అరచెయ్యి పెట్టి నిలబడింది.

"మీకేం కావాలి?" అని అడిగింది ప్రిన్సిపాల్‌ను. నేను పియానో అంటుందేమోననుకున్నాను.

"డిసెంబరు వస్తే చాలామంది వస్తారు. చేతితొడుగులు ఇస్తారు, ఫొటో దిగుతారు. మంచివాళ్ళే. కానీ మా పిల్లల్ని వదిలేసి వెళ్ళినవాళ్ళు ఇప్పటికే ఎక్కువమంది ఉన్నారు. వచ్చి వెళ్ళేవాళ్ళు వద్దు. వస్తే మానకుండా వచ్చేవాళ్ళు కావాలి. వారానికి ఒక్క గంటైనా సరే," అంది ఆమె.

అలా బుధవారాలు మొదలయ్యాయి. నాకు బుధవారం మధ్యాహ్నాలు మీటింగులు ఉండేవి కావు. మా ఆయనకు మొదట అర్థం కాలేదు. "మన బిడ్డ స్కూల్ల అన్నీ మంచిగనే ఉన్నయి గదా. నీకెందుకు గీ తిప్పలు?" అన్నాడు.

"ఆవిడ కారు నడపలేదు కదా," అన్నాను. అప్పటికి నా దగ్గరున్న జవాబు అంతే.

మొదటి బుధవారం జిమ్నేజియంలో ఒక మూల, మధ్యాహ్నం భోజనాల బల్లలు మడిచిపెట్టినచోట, గుండ్రంగా కూర్చున్నాం. బడి అయ్యాక ఇంటినుంచి ఎవరైనా వచ్చేదాకా ఆగే పిల్లలు వాళ్ళు. ఈ నేలకు మొదటి మనుషులైన ఆదివాసుల పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు, మొన్నమొన్న ఆఫ్రికాలోని ఎరిట్రియా నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు. ఆవిడ తన అమ్మమ్మ దగ్గర నేర్చుకున్న పాట, వాళ్ళ పాత ఇంటిభాష యిడ్డిష్‌లోది, ఎత్తుకుంది. గొంతు సగంలో విరిగిపోయింది. పిల్లలు నవ్వారు. ఆవిడ ఆగి, నీళ్ళు తాగి, మళ్ళీ మొదటినుంచి అందుకుంది.

రెండు జడల పిల్ల ఒకతె అడిగింది, "మీరు టీచరా?"

"కాదు."

"మరెందుకు వచ్చారు?"

"ఇక్కడ ఒకప్పుడు పాటల క్లాసు ఉండేది. దాన్ని తీసేసినవాళ్ళలో నేనొకదాన్ని."

ఆ పిల్ల ఆవిడను పైనుంచి కిందికి చూసింది. "ఓకే," అంది. కాసేపాగి, "వచ్చే బుధవారం వస్తారా?" అంది.

"వస్తాను."

నా వంతు వచ్చినప్పుడు నాకు చిన్నప్పుడు వాకిట్లో ఆడిన చప్పట్ల పాట తప్ప ఏదీ గుర్తు రాలేదు. దాన్నే పాడాను. అర్థం అడగలేదు ఎవరూ. చప్పట్లు మాత్రం ఒక్క వారంలో పట్టుకున్నారు. చలికాలం దిగాక, బయట నాలుగింటికే చీకటి నీలంగా కమ్ముకుంటుంటే, ఆ పెద్ద జిమ్నేజియంలో ఆ చప్పట్లు పైకప్పుకు తగిలి నెమ్మదిగా కిందికి దిగేవి. తడిసిన సాక్సుల వాసన, నేలకు రాసిన పాలిష్ వాసన. ఎరిట్రియా పిల్లల్లో చిన్నది నా ఒళ్ళో నిద్రపోయేది. తెలుగు పాట పాడుతూ, ఏ దేశంలో ఉన్నానో ఒక్క క్షణం మర్చిపోయేదాన్ని.

ఒకసారి నాకు జ్వరమొస్తే, ఆవిడను మా ఆయన తీసుకెళ్ళాడు. దింపి కార్లో కూర్చుంటానన్నవాడు, చలికి తట్టుకోలేక లోపలికెళ్ళాడట. వరంగల్లో కాలేజీ రోజుల్లో బెంచీలమీద దరువు వేసేవాడు. పిల్లలు పాడుతుంటే చేతులు ఊరుకోలేదు. ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ, "ఆ బల్ల మంచిగ మోగుతది," అన్నాడు.  అటు తర్వాత ఎందుకీ తిప్పలని మాత్రం అడగలేదు.

మా అమ్మాయి స్కూల్లో నేను పేరెంట్ కౌన్సిల్లో ఉండేదాన్ని. వేసవి సంబరాలకు సమోసాలు వేయించడం నా పని. ఆ సంబరాలతోనే మా స్కూలుకు కావలసినవన్నీ సమకూరేవి. అటువైపు స్కూలుకు సమోసాలు వేయించి అమ్మే తీరిక ఎవరికీ లేదు. ఆ తేడా అలా పెరుగుతూ పోయిందని, అందులో నా బాణలి కూడా ఉందని అప్పుడు తట్టింది. మా సంగీతం గది అల్మారాలో పాత జైలోఫోన్లు, కర్రలతో వాయించే పలకల వాయిద్యాలు, పడి ఉన్నాయి. వాటిని ఆ స్కూలుకు ఇద్దామని మీటింగులో అడిగాను.

"అవి మన పిల్లల కోసం కొన్నవి కదా," అంది ఒకామె, నొప్పించకుండానే.

వాళ్ళూ మన పిల్లలే అనడం చాలా తేలిక. అనబోయి మానుకున్నాను. "అల్మారాలో దుమ్ము పట్టి ఉన్నాయి. నేనే తుడిచి, నేనే మోసుకెళ్తాను," అన్నాను. ఎవరూ కాదనలేదు. మా అమ్మాయీ నేనూ కలిసి వాటిని కారు డిక్కీలో సర్దుతుంటే, "వై డింట్ దే హ్యావ్ ఎనీ?" అని అడిగింది. ఇంటికి వెళ్ళేదాకా చెప్పాను. ఆవిడ చెయ్యెత్తిన సంగతి కూడా చెప్పాను. అది కిటికీలోంచి చూస్తూ అంతా విన్నది. ఆ బుధవారం నుంచి తనూ వచ్చింది.

జనవరిలో మాస్టారికి పచ్చడి అయిపోయి ఉంటుందని ఇంకో సీసా తీసుకెళ్ళాను, ఈసారి నిమ్మకాయది. బుధవారాల సంగతి మాటల్లో చెప్పాను.

"ఏ శ్రుతిలో పాడుతున్నారు?" అన్నారు ఆయన.

"శ్రుతి అంటే, ఆవిడకు గొంతు ఎక్కడ లేస్తే అక్కడ."

ఆయన మొహం పచ్చడి తిన్నప్పటికంటే ఎక్కువ ముడుచుకుంది. తరువాతి బుధవారం, ఒళ్ళు గడ్డకట్టే చలిలో, బూట్లకు మంచు అంటించుకుని జిమ్నేజియం తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆవిడ ఆయన్ని చూసి పాట ఆపేసింది. పిల్లలు ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆయన ఏదో అంటారనుకున్నాను. జేబులోంచి చిన్న శ్రుతిగొట్టం తీసి ఊదారు.

"ఇక్కడినుంచి పాడండి. పిల్లల గొంతుకు మీరెత్తుకునే చోటు చాలా కింద. మీ కుర్చీ ఇటు జరుపుకోండి, వాళ్ళకి మీ నోరు కనబడాలి," అన్నారు.

ఆవిడ కుర్చీ జరుపుకుంది. అప్పటినుంచీ ఆయన ప్రతి వారం వచ్చారు. క్షమించానని ఆయన అనలేదు. ఆవిడ అడగలేదు. బిస్కెట్లు మాత్రం ఇద్దరూ ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళు.

చలి ఇంకా విరగని ఒక సాయంత్రం ఆవిడ స్కూల్ బోర్డు మీటింగుకు వెళ్ళింది. జనంలో ఎవరైనా ముందుగా చెప్పి మాట్లాడొచ్చు. తను ఒకప్పుడు కూర్చున్న వరసకు ఎదురుగా, మైకు ముందు, కర్ర పట్టుకుని నిలబడింది.

"నేను ఆ కుర్చీల్లో కూర్చున్నాను. అక్కడినుంచి హాలులోకి చూస్తే వచ్చినవాళ్ళే కనబడతారు. రానివాళ్ళ కోసమే నేను వచ్చాను. పట్టాల అవతలి స్కూలుకు సంగీతం టీచరు కావాలి. తీసేసింది మనం. తిరిగి ఇవ్వవలసింది కూడా మనమే," అంది.

ఆవిడ అన్నది ఇంగ్లీషులోనే. నాకు మాత్రం అది 'మనం' అనే వినిపించింది. అధ్యక్షుడు వచ్చినందుకు థాంక్స్ చెప్పి, తరువాతి విషయానికి వెళ్ళిపోయాడు. ఇంటికొస్తుంటే ఆవిడ, "నేనూ అలాగే థాంక్స్ చెప్పేదాన్ని," అంది.

అయితే మరుసటి ఏడు రెండు స్కూళ్ళకు కలిపి ఒక సంగీతం టీచరును వేశారు. ఆవిడ మాటల వల్లనో, ప్రిన్సిపాల్ రాస్తూ వచ్చిన విన్నపాల వల్లనో, వేరే ఏదో లెక్క సర్దుబాటై కుదిరిందో నాకు తెలియదు. వారంలో సగం రోజులే. అయినా టీచరే. విరిగిన బల్లలు తీసేశారు. బోర్డు తుడిచారు.

ఈలోపల ఆవిడ తుంటి ఇంకా పాడైంది. ఇల్లు అమ్మి, పెద్దవాళ్ళుండే నివాసానికి మారింది, ఊళ్ళోనే. మేమూ ఊరి దక్షిణాన కొత్తగా కట్టిన వీధుల్లో ఇల్లు కొనుక్కున్నాం, మన తెలుగువాళ్ళు చాలామంది ఉన్నచోట. మా అమ్మాయి స్కూలు మారింది. అది ఇంకా మంచి స్కూలు, అన్నీ ఉన్న స్కూలు. ఆ సంగతి ఆవిడకు చెప్పడానికి మొహమాటపడ్డాను. "మంచి స్కూలు ఉండటం తప్పు కాదు. బుధవారం రోడ్డు ఎంత దూరం?" అంది. దూరమే. వెళ్తున్నాం.

పోయిన చలికాలంలో ఒక బుధవారం మేం వెళ్ళేసరికి కొత్త టీచరు ఎదురొచ్చింది. పాతికేళ్ళుంటాయేమో, చెంపలు ఎర్రబడి ఉన్నాయి. తన టైమ్‌టేబుల్ మారిందనీ, బడి అయ్యాక పాడాలనుకునే పిల్లలకు తనే క్లాసు పెట్టిందనీ, బుధవారాలు సంగీతం గదిలో తనే ఉంటుందనీ, జిమ్నేజియంలో బాస్కెట్‌బాల్ ఉందనీ, మేం ఇంకో రోజుకు మారగలమా అనీ, ఇబ్బందిపడుతూ చెప్పింది.

"ఇవాళ్టికి ఇక్కడ కూర్చోవచ్చా?" అంది ఆవిడ, కారిడార్లో బల్ల చూపిస్తూ.

ఆవిడా, మాస్టారూ, నేనూ ముగ్గురం కూర్చున్నాం. మా తలలపైన కొక్కేలకు పిల్లల మంచుకోట్లు వేలాడుతున్నాయి, కరిగిన నీళ్ళు భుజాలమీద పడుతున్నాయి. గది తలుపు మూసుకుంది. లోపల కాసేపు కుర్చీలు జరిపిన చప్పుడు, నవ్వులు. ఆ తర్వాత పాట మొదలైంది, నాకు తెలియని పాట. ఆవిడ కర్రమీద రెండు చేతులూ, చేతులమీద గడ్డమూ ఆనించి కళ్ళు మూసుకుంది.

"వేగం ఎక్కువైంది," అన్నారు మాస్టారు, మెల్లగా.

"ఊరుకోండి," అంది ఆవిడ. "విననివ్వండి."